కాపలా వేరు, కూపీ వేరు

జనం పెద్ద సంఖ్యలో ఒకచోట గుమిగూడినప్పుడు వారిని కనిపెట్టి ఉండడం ప్రభుత్వాలకు కొత్త కాదు. సంతలో తూనికలు పరిశీలించే అధికారి, జాతరలో లాఠీ పట్టుకొని నిలబడే పోలీసు, రాత్రివేళ ఊరిలో గస్తీ తిరిగే తలారి, వీరందరూ చూసేవారే. అయితే వారి చూపుకు రెండు హద్దులు ఉండేవి. కంటికి ఆనినంత మేరకే వారు చూడగలరు. చూసినదానిలో ఎక్కువ భాగం మరునాటికి మరచిపోతారు. నేటి నిఘా యంత్రానికి ఈ రెండు హద్దులూ లేవు. అది దూరాన్ని చూస్తుంది, చూసినదాన్ని మరువదు. కనుకనే ఏది కాపలా, ఏది కూపీ అనే ప్రశ్న నేడు ఇంత పదునెక్కింది. ఈ ప్రశ్నను ఒక నిర్దిష్టమైన స్థలంలో నిలిపి పరిశీలిస్తే విషయం తేటపడుతుంది.

కొండ కింద రెండు కాలాలు

పల్నాడు జిల్లా నరసరావుపేటకు చేరువలో ఉన్న కోటప్పకొండపై త్రికోటేశ్వరస్వామి ఆలయం ఉన్నది. ఏటా మహాశివరాత్రికి అక్కడ జరిగే తిరునాళ్ళు ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధి చెందినవి. పురుషోత్తమపట్నం, కావూరు మొదలైన గ్రామాల వారు ఆకాశాన్నంటే ప్రభలను కట్టి, వాటిని విద్యుద్దీపాలతో అలంకరించి కొండ దిగువకు తరలిస్తారు. లక్షలాది జనం, ఇరుకైన దారులు, కదిలే ప్రభలు, రాత్రంతా సాగే సందడి: ఇటువంటి చోట తొక్కిసలాట జరుగకుండా, పిల్లలు తప్పిపోకుండా, వాహనాలు నిలిచిపోకుండా చూడడానికి ఇటీవలి సంవత్సరాల్లో పోలీసులు సీసీ కెమెరాలను, డ్రోన్లను వాడుతున్నారు. దీనిలో ఆక్షేపించవలసినదేమీ కనబడదు.

ఇదే కొండ కింద 1909లో శివరాత్రి తిరునాళ్ళ సందర్భంగా జరిగిన సంఘటన వేరొక పాఠం చెబుతుంది. ఆ ఏడు ఎడ్లు బెదరడంతో మొదలైన గలాటా పోలీసులకు, జనానికి మధ్య ఘర్షణగా మారింది. పోలీసులు కాల్పులు జరిపారు, జనం పోలీసుల నెలవుకు నిప్పు పెట్టారు, ప్రాణాలు పోయాయి. ఈ కేసులో చిన్నపరెడ్డి అనే రైతుకు మరణశిక్ష పడింది. మద్రాసు హైకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. న్యాయస్థానపు పత్రాల్లో ఆయన నేరస్థుడు. పల్లెల్లో పాడుకున్న పాటల్లో ఆయన వీరుడు. ఒకే రాత్రికి రెండు జ్ఞాపకాలు మిగిలాయి.

అంత జనసమ్మర్దంలో ఎవరు ఏమి చేశారో తేల్చడానికి ఆనాడు కంటితో చూసినవారి మాటలే ఆధారం. అప్పుడు కెమెరా ఉండి ఉంటే ఏమయ్యేది? నేరం చేయనివాడు నేరస్థుల గుంపులో కలిసిపోకుండా బయటపడి ఉండవచ్చు. కాల్పులు ఎప్పుడు, ఎందుకు జరిగాయో కూడా నమోదై ఉండేది. అయితే ఆ చిత్రాలు ఎవరి అధీనంలో ఉండేవి? ఘర్షణలో ఒక పక్షమైన పోలీసుల అధీనంలోనే కదా! ఆ చిత్రాలను చూపించమని రెండవ పక్షం అడిగే హక్కు లేకపోతే, అవి సాక్ష్యం కాకుండా ఆయుధం అయ్యేవి. నిఘాకు సంబంధించిన అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది.

ఈ విషయమై సమాజంలో సాధారణంగా మూడు అభిప్రాయాలు వినబడుతుంటాయి. తప్పు చేయనివాడికి భయమెందుకని కొందరు అంటారు. యంత్రమే చెడ్డదని మరికొందరు అంటారు. కాలం మారిపోయింది, ఇక చేయగలిగినదేమీ లేదని ఇంకొందరు నిట్టూరుస్తారు. ఈ మూడింటినీ విడివిడిగా పరిశీలించవలసి ఉన్నది.

తప్పు చేయనివాడికి భయమెందుకు?

మనిషి తలుపు మూసుకొనేది నేరం చేయడానికే కాదు. రోగం, అప్పు, ఇంటి తగాదా, ఆడపిల్ల పెళ్ళి మాటలు, దైవంతో మొర పెట్టుకోవడం: ఇవేవీ నేరాలు కావు, అయినా బజారున పెట్టదగినవి కావు. అంతేకాక, తప్పు చేయనివాడిని నిఘా తాకదనడం చరిత్రకు విరుద్ధం. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖడక్ సింగ్‌ను ఒక దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం లేదని విడిచిపెట్టారు. విడిచిపెట్టినా అతని పేర పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ తలుపు తట్టి అతను ఇంట్లో ఉన్నాడో లేదో చూసేవారు. 1962లో సుప్రీంకోర్టు ఈ రాత్రి సోదాలను కొట్టివేసింది. కాని అతని రాకపోకలపై నిఘా ఉంచడాన్ని మాత్రం తప్పు పట్టలేదు. రాజ్యాంగంలో గోప్యత అనే హక్కు లేదని ఆనాటి అధిక సంఖ్యాక న్యాయమూర్తుల అభిప్రాయం.

ఆ అభిప్రాయం మారడానికి 55 ఏళ్ళు పట్టింది. విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవాలంటే అందుకు ఒక చట్టం ఉండాలి. న్యాయమైన ప్రయోజనం ఉండాలి. ఆ ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి. రోగానికి తగిన మోతాదులోనే మందు ఇవ్వాలన్నట్టిది ఈ మూడవ షరతు.

ఈ కొలబద్దతో చూస్తే తిరునాళ్ళలోని కెమెరా దాదాపు నిలబడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థల్లో కెమెరాలను తప్పనిసరి చేసింది. వాటి దృశ్యాలను 30 రోజులు భద్రపరచి, పోలీసులు కోరినప్పుడు ఇవ్వాలని చెప్పింది. కాని కెమెరాకు ముఖాలను గుర్తుపట్టే విధానం తోడైనప్పుడు పరిస్థితి మారిపోతుంది. మామూలు కెమెరా గుంపును చూస్తుంది. ఈ విధానం గుంపులోని ఒక్కొక్కరికి పేరు పెడుతుంది. తెలంగాణ పోలీసులు 2018లో తమ టీఎస్‌కాప్ యాప్‌లో ఈ సౌకర్యాన్ని చేర్చారు. 2021 మే నెలలో హైదరాబాదులోని షాహ్‌రాన్ మార్కెట్ వద్ద పోలీసులు తనను ఆపి, మాస్కు తీయమని, తన అనుమతి లేకుండా ఫోటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ పేర్కొన్నారు. ఆ ఫోటో ఎందుకు, ఏ చట్టం కింద, ఎంతకాలం ఉంచుతారని ఆయన అడిగిన ప్రశ్నలు 2022 జనవరిలో ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తెలంగాణ హైకోర్టు ముందుకు వెళ్ళాయి. తప్పు చేయనివాడికి భయమెందుకనే మాటకు ఈ వ్యాజ్యమే ఒక సమాధానం. తప్పు చేయనివాడు భయపడనక్కరలేదు, నిజమే. కాని తన ఫోటో ఏమైందని అడిగే హక్కు అతనికి ఉండాలి.

ఒక పనికి సమకూర్చిన సాధనం మరొక పనికి మళ్ళే ప్రమాదం కూడా చిన్నది కాదు. 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట ఠాణాలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో ఉన్న ఆరోపణ ఇటువంటిదే. తీవ్రవాద కార్యకలాపాలపై కన్నేసి ఉంచవలసిన నిఘా విభాగపు సాధనాలతో రాజకీయ ప్రత్యర్థుల, ఇతరుల ఫోన్లు విన్నారనీ, ఆ తరువాత రికార్డులను ధ్వంసం చేశారనీ అందులోని అభియోగం.

యంత్రమే చెడ్డదా?

రెండవ అభిప్రాయానికి సమాధానం పల్నాడులోనే ఉన్నది. 2024 మే 13న జరిగిన ఎన్నికల్లో మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయిగేటు పోలింగ్ కేంద్రంలో ఓటింగ్ యంత్రం ధ్వంసమైంది. అప్పటి శాసనసభ్యుడే కేంద్రంలోకి వచ్చి యంత్రాన్ని పగులగొట్టిన దృశ్యం అక్కడి వెబ్‌కెమెరాలో నమోదైందని ఎన్నికల సంఘం ప్రకటించి, కేసు పెట్టవలసిందిగా ఆదేశించింది. ఓట్ల లెక్కింపుకు ముందురోజు, జూన్ 3న, ఆయన మాచర్ల లెక్కింపు కేంద్రంలోకి గాని దాని పరిసరాలకు గాని వెళ్ళరాదని సుప్రీంకోర్టు ఆంక్ష విధించింది.

కెమెరా లేకపోతే ఆ కేంద్రంలో ఉన్న సామాన్య ఓటరు, చిన్న ఉద్యోగి నోరు విప్పగలిగేవారా అన్నది సందేహమే. కక్షలతో రగిలే ప్రాంతంలో సాక్ష్యం చెప్పడమంటే ప్రాణాన్ని పణంగా పెట్టడమే. ఇక్కడ యంత్రం బలహీనుడి తరఫున సాక్షిగా నిలిచింది. షాహ్‌రాన్ మార్కెట్‌లో బలవంతుడి చేతిలోని కెమెరా సామాన్యుడి ముఖం వైపు తిరిగింది. పాల్వాయిగేటులో అది బలవంతుడి చేతి వైపు తిరిగి ఉన్నది. సాధనం ఒకటే. అది ఎవరిని చూస్తున్నది, చూసినదాన్ని ఎవరు అడిగి తీసుకోగలరు అన్నదే తేడా.

అయితే ఈ కథ అంతటితో ముగియలేదు. ఆ దృశ్యం ప్రజల కంటబడింది మే 21న, అంటే ఎనిమిది రోజుల తరువాత. అదీ అధికారులు విడుదల చేయగా కాదు, సామాజిక మాధ్యమాల్లోకి పొక్కడం వల్ల. ఆ తరువాత 2024 డిసెంబరులో కేంద్రం ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 93వ నియమాన్ని సవరించి, పోలింగ్ కేంద్రాల సీసీ దృశ్యాల వంటివి ప్రజలు తనిఖీ చేయదగిన పత్రాల పరిధిలోకి రాకుండా చేసింది. 2025 మే 30న ఎన్నికల సంఘం, ఫలితంపై కోర్టులో వ్యాజ్యం లేకపోతే ఈ దృశ్యాలను 45 రోజుల తరువాత తొలగించవచ్చునని రాష్ట్రాల అధికారులకు తెలిపింది. దృశ్యాలను బయటపెడితే ఎవరు ఓటు వేశారో, ఎవరు వేయలేదో తెలిసి ఓటరుపై ఒత్తిడి రావచ్చునని సంఘం వాదన. పల్లెల్లోని వర్గపోరు తెలిసినవారు ఈ వాదనను తేలికగా కొట్టివేయలేరు. కాని గోప్యత అనే మాట పౌరుడికి రక్షణగా ఉండాలే తప్ప, అధికారానికి తెరగా మారకూడదు. ఓటరు ముఖాన్ని కప్పి, యంత్రాన్ని పగులగొట్టిన చేతిని చూపించే మార్గం వెతకడం అసాధ్యం కాదు.

ఫిఖ్‌హ్ పండితుల విచారణ

కాపలాకూ కూపీకీ నడుమ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నను ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు వెయ్యేళ్ళ క్రితమే చర్చించారు. కూపీ లాగడాన్ని వారు 'తజస్సుస్' అన్నారు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు అనుమానాన్ని, కూపీని, చాటుమాటు నిందను వరుసగా నిషేధిస్తుంది. ఈ వరుసలో ఒక క్రమం ఉన్నది. అనుమానం పుడితే మనిషి కూపీ లాగుతాడు. కూపీలో దొరికినదాన్ని నలుగురిలో చెబుతాడు. అన్ నూర్ సూరా 27వ ఆయతు పరుల ఇళ్ళలోకి అనుమతి లేనిదే ప్రవేశించరాదని శాసిస్తుంది. అనుమతి అడగాలన్న నియమం కంటిచూపు కారణంగానే ఏర్పడిందన్న భావం గల హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాల్లో ఉన్నది. అంటే కాలు గడప దాటకపోయినా చూపు దాటితే అది ప్రవేశమే. పాలకుడు ప్రజల్లో అనుమానాలు వెతకడం మొదలుపెడితే వారిని చెడగొట్టినవాడవుతాడన్న హెచ్చరిక అబూదావూద్ సంకలనంలో కనబడుతుంది.

క్రీ.శ. 1058లో మరణించిన అల్ మావర్దీ పాలనా నియమాలపై వ్రాసిన గ్రంథంలో 'ముహ్తసిబ్' అనే అధికారి విధులను వివరించాడు. బజారులో తూనికలు, కొలతలు, కల్తీ, దారుల ఆక్రమణ మొదలైనవి ఇతని పరిధిలోనివి. బాహాటంగా జరిగే తప్పును అతను ఆపాలి. కనబడని తప్పును వెతుకుతూ తలుపుల వెనుకకు పోరాదు. దీనికి ఆయన ఒక మినహాయింపు చెప్పాడు. ఒకడు మరొకరిని చంపడానికి చాటుకు తీసుకుపోయాడని నమ్మదగిన వ్యక్తి తెలిపినప్పుడు, ఆలస్యమైతే పూడ్చలేని నష్టం జరిగే పక్షంలో, ఆరా తీయవచ్చును. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ కూడా కూపీ లాగకుండానే బయటపడిన చెడును మాత్రమే అడ్డగించాలని షరతు పెట్టాడు.

సుప్రీంకోర్టు 2017లో చెప్పిన షరతులకూ ఈ విచారణకూ ఉన్న పోలిక గమనించదగినది. రెండింటిలోనూ నిఘా అనేది మినహాయింపే, నియమం కాదు. ఒక నిర్దిష్టమైన కీడు కళ్ళముందు ఉండాలి. నమ్మదగిన ఆధారం ఉండాలి. అయితే పాత పండితులు ఊహించని చిక్కు ఒకటి నేడు ఉన్నది. బజారు బహిరంగ స్థలమని, ఇల్లు గుప్త స్థలమని వారు విభజించారు. ముహ్తసిబ్ బజారులో చూసిన వెయ్యి ముఖాలను మరచిపోయేవాడు కాబట్టి ఆ విభజన సరిపోయింది. మరువని యంత్రం బజారులో ఒక మనిషి ఏ రోజు, ఎవరితో, ఎక్కడికి వెళ్ళాడో వరుసగా పేర్చితే, బహిరంగమైన అడుగులన్నీ కలిసి అతని ఇంటి లోపలి కథను చెప్పేస్తాయి. కాబట్టి గీతను స్థలాన్ని బట్టి మాత్రమే గీయడం చాలదు. జ్ఞాపకాన్ని బట్టి కూడా గీయవలసి ఉన్నది.

చేతిలోని కెమెరా, నోటిలోని మాట

నిఘా అనగానే ప్రభుత్వమే గుర్తుకు వస్తుంది. కాని నేడు తిరునాళ్ళకు వచ్చే దాదాపు ప్రతి యాత్రికుడి చేతిలోనూ కెమెరా ఉన్నది. అది తీసిన చిత్రాన్ని క్షణంలో ఊరూరా చేరవేసే సాధనమూ అందులోనే ఉన్నది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి 2018 మే నెలలో వాట్సాప్ ద్వారా తెలుగు జిల్లాలంతటా పాకింది. పాత చిత్రాలు, సంబంధం లేని వీడియోలు చేతులు మారాయి. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను జనం కొట్టి చంపారు. అదే ఏడు జూలైలో వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. యంత్రానికి హద్దు పెట్టారు. మనసుకు పెట్టవలసిన హద్దు మిగిలే ఉన్నది. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు విచారించి తెలుసుకోవాలని, తెలియక ఒక జనసమూహానికి కీడు చేసి తరువాత పశ్చాత్తాపపడవద్దని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు సారాంశం. 2018 వేసవిలో జరిగినదానికి ఇంతకంటె సూటియైన వ్యాఖ్య అక్కరలేదు.

వదంతి భయం చూపించి మాట మీద సంకెల వేయడం దీనికి రెండవ పార్శ్వం. చీరాల శాసనసభ్యుడిని, తమిళనాడు గవర్నరుగా ఉన్న కె. రోశయ్యను విమర్శిస్తూ ఫేస్‌బుక్‌లో వ్రాశారని 2013 మే నెలలో పౌరహక్కుల కార్యకర్త జయ వింధ్యాలను సమాచార సాంకేతిక చట్టం 66ఎ కింద అరెస్టు చేశారు. ఆ వెంటనే మే 16న, ఈ సెక్షన్ కింద ఉన్నతాధికారి అనుమతి లేనిదే ఎవరినీ అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌నే కొట్టివేసింది. చర్చ చేయడం, ఒక భావాన్ని సమర్థించడం వేరు, హింసకు పురికొల్పడం వేరు అన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం. 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఇదే ధోరణి కొనసాగింది. మాటకు సంబంధించిన, మూడేళ్ళ నుండి ఏడేళ్ళలోపు శిక్ష పడగల అభియోగాల్లో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపడం సముచితమని కోర్టు సూచించింది. సామాజిక మాధ్యమాల కేసుల్లో ఈ సూత్రాలను పాటించవలసిందిగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూలైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది.

నిఘాకూ మాటకూ ఉన్న సంబంధం ఇక్కడ కనబడుతుంది. తనను ఎవరో కనిపెట్టి ఉన్నారని తెలిసిన మనిషి తప్పుడు మాట ఒక్కటే మానడు. నిజం చెప్పడం కూడా మానేస్తాడు. పాల్వాయిగేటు వంటి చోట నోరు విప్పవలసిన సాక్షి, తన ఫోను వింటున్నారన్న అనుమానం ఉంటే నోరు విప్పడు. కూపీ ఈ విధంగా కాపలానే దెబ్బతీస్తుంది.

చేయగలిగినది

ఇక చేయగలిగినదేమీ లేదన్న మూడవ అభిప్రాయం మిగిలింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కాని ప్రభుత్వం నోటిఫై చేసిన తన సంస్థలను ఈ చట్టం నుండి మినహాయించుకొనే వీలు 17వ సెక్షన్‌లో ఉన్నది. పెద్ద కన్ను ఎవరిదో వారికే మినహాయింపు దొరకగల చట్టం సగం రక్షణే. అయినా సగం రక్షణ శూన్యం కాదు. మిగిలిన సగాన్ని ప్రశ్నలతోనే సాధించుకోవాలి.

ఆ ప్రశ్నలు కఠినమైనవి కావు. ఊరి పంచాయతీలో, ఉత్సవ ఏర్పాట్ల సమావేశంలో ఎవరైనా అడుగదగినవి. కొండ దిగువన పెట్టిన కెమెరా దేనికోసం? గుంపును చూస్తుందా, ముఖాలకు పేర్లు పెడుతుందా? దృశ్యాలు ఎన్ని రోజులు ఉంటాయి? ఎవరు చూడవచ్చు, చూసినట్టు ఎక్కడ నమోదవుతుంది? ఘర్షణ జరిగితే, బిడ్డ తప్పిపోతే, లాఠీ అన్యాయంగా పడితే, ఆ దృశ్యాన్ని బాధితుడు అడిగి తీసుకొనే దారి ఏది? ఈ ప్రశ్నలకు కొండ దిగువనే ఒక బోర్డు మీద జవాబులు వ్రాసి పెట్టగలిగితే ఆ కెమెరా కాపలాదారు. జవాబులు లేకపోతే అది కూపీ లాగేది.

శివరాత్రి తెల్లవారిన తరువాత ప్రభలు విప్పుతారు. వెదుళ్ళు, దీపాలు తిరిగి ఊళ్ళకు చేరుతాయి. జనం ఇళ్ళకు పోతారు. పండుగ కోసం నిలిపిన కన్ను కూడా పండుగతోపాటే దిగిపోవాలి.